జ్వరం అని రాయొద్దు, పండగ అని రాయండి



భోగి ముందు రోజు సాయంత్రం మా హోప్ టౌన్‌లో చాలా తెలుగు ఇళ్లలో ఒక చీటీ తయారవుతుంది. నోటుబుక్కులోంచి చింపిన కాగితం. ఇంట్లో కాస్త ఇంగ్లీషు వచ్చిన పెద్దపిల్ల చేత రాయిస్తారు. తమ్ముడికి జ్వరంగా ఉంది, రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన. కింద తండ్రి సంతకం. ఆ తమ్ముడు అక్కడే ఉంటాడు. భోగి మంటకి ఎండు కొబ్బరి మట్టలు పోగేస్తూ, తనకి జ్వరమని అక్క రాస్తుంటే చూస్తాడు. రెండు రోజుల తర్వాత ఆ చీటీ పట్టుకెళ్లి టీచరు చేతికిచ్చేదీ వాడే. వాడి చేతికి గోరింటాకు ఎర్రగా ఉంటుంది, జేబులో అరిసె ముక్క ఉంటుంది. టీచరుకి తెలుసు, పిల్లవాడికి తెలుసు, తండ్రికీ తెలుసు. అయినా ముగ్గురూ జ్వరమనే ఒప్పుకుంటారు.

పండగకి పిల్లల్ని బడి మాన్పించవచ్చా అన్నది ఈరోజు మాట. నా మటుకు నేను మాన్పించవచ్చనే అంటాను. ఒకటి రెండు పండగలకి మాన్పించాలి కూడా. కాకపోతే పండగ అని చెప్పి మాన్పించాలి. అబద్ధం రాసి మాన్పిస్తే పిల్లవాడికి ఆరోజు పండగ కన్నా ముందు అబద్ధం నేర్పినట్టవుతుంది. అంతకన్నా నన్ను బాధపెట్టేది మరొకటి ఉంది. మన పండగ బయటికి చెప్పుకోకూడని సంగతి, జ్వరం మాత్రం చెప్పుకోదగ్గ సంగతి అని ఆ చీటీ వాడికి చెబుతోంది.

మా ఊరు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. హోప్ టౌన్ దక్షిణ అండమాన్‌లో, ఓడరేవుకి ఉత్తరపు ఒడ్డున ఉంటుంది. వెనక కొండ ఒకప్పటి మౌంట్ హ్యారియట్, ఇప్పుడు మౌంట్ మణిపూర్. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి మేయో ప్రభువుని షేర్ అలీ అఫ్రిదీ పొడిచి చంపింది ఇక్కడి జెట్టీ దగ్గరే కాబట్టి చరిత్ర పుస్తకాల్లో మా ఊరి పేరు ఉంటుంది. పట్నం వెళ్లాలంటే బాంబూఫ్లాట్ దాకా వచ్చి, ఫెర్రీ ఎక్కి చాథంలో దిగాలి. ఆ పట్నానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది. మా నోళ్లలో ఇంకా పోర్ట్ బ్లెయిరే.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో వందమందిలో సుమారు 28 మంది మాతృభాష బంగ్లా, 19 మందిది హిందీ, 15 మందిది తమిళం, 13 మందిది తెలుగు. మన వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లు. చేపల వేటకి వచ్చినవాళ్లు, కూలికి వచ్చినవాళ్లు, ఆ వెనకే దుకాణాలు పెట్టుకున్నవాళ్లు. కనక ఇక్కడి తరగతి గదిలో ఒక బెంచీ మీద బెంగాలీ పిల్ల, మలబారు నుంచి వచ్చిన మోప్లా ముస్లిముల పిల్ల, ఛోటానాగపూర్ వైపు నుంచి వచ్చిన రాంచీ వాళ్ల పిల్ల, మన శ్రీకాకుళం పిల్ల పక్కపక్కన కూర్చుంటారు. నాకు ఈ ద్వీపాల్లో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే.

ఆంధ్రలో ఉన్నవాళ్లకి పండగా, బడా అన్న ఈ చిక్కు లేదు. 2025లో అక్కడి బళ్లకి సంక్రాంతి సెలవులు జనవరి 10 నుంచి 19 దాకా ఇచ్చారు. తెలంగాణలో 2024 దసరాకి అక్టోబరు 2 నుంచి 14 దాకా, బతుకమ్మతో కలుపుకొని. పండగ ముందు వస్తుంది, బడి దానికి దారి ఇస్తుంది. ఇక్కడ మనం వందలో 13 మందిమి. అందరి పండగలకీ బడి మూస్తే తెరిచే రోజులు మిగలవు. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 220 పనిదినాలు ఉండాలంటోంది. ఆ లెక్క సరైనదే. దాన్ని తగ్గించమని నేను అడగను. సంక్రాంతికి బడి మూసెయ్యమనీ అడగను. ఆ రోజు బెంగాలీ పిల్లల చదువు ఎందుకు ఆగాలి?

నేను అడిగేది వేరు. కేంద్రప్రభుత్వ ఉద్యోగుల సెలవుల పద్ధతి చూడండి. ఢిల్లీ బయట కార్యాలయాలకి 14 సెలవులు ఖాయం. మరో 12 పండగల జాబితాలోంచి మూడు ఎంచుకుని అక్కడి కార్యాలయాలన్నిటికీ ఇస్తారు. మకర సంక్రాంతి, పొంగల్, ఓనం, రథయాత్ర, వినాయక చవితి, ఉగాది అన్నీ ఆ 12లో ఉన్నాయి. ఇవి కాక ప్రతి ఉద్యోగికీ ఏడాదికి రెండు ఐచ్ఛిక సెలవులు. తన ఇంటి పండగేదో తనే చూసుకుని, ముందుగా కాగితం పెట్టి తీసుకోవచ్చు. ఆర్‌హెచ్ అంటారు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి తెలిసిన మాటే. కార్యాలయం మూతపడదు, ఉద్యోగికి పండగ దక్కుతుంది, ఎవరూ జ్వరం తెచ్చుకోనక్కర్లేదు.

నలభై ఏళ్ల గుమాస్తాకి ఇచ్చిన ఈ మర్యాద ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఎందుకు ఇవ్వకూడదు? పండగ అవసరం ఇద్దరిలో ఎవరికి ఎక్కువ? గుమాస్తాకి పండగంటే జ్ఞాపకం. పిల్లవాడికి అది ఇప్పుడే జరగాలి. లేకపోతే రేపు జ్ఞాపకం చేసుకోవడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు.

మన పాత చదువుకి ఈ పేచీ తెలియదు. గురువుల దగ్గర చదువుకునే రోజుల్లో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య అనధ్యయనాలు. పంచాంగం చూసే పాఠం చెప్పేవారు. వీధిబడుల కాలంలో దసరా వస్తే అయ్యవారే పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన గిలకల బాణాలు, వాటిలో బుక్కా, పూరేకులు. ఇంటింటికీ వెళ్లి పద్యాలు చదివేవారు. ఇంటివాళ్లు అయ్యవారికి సంభావన, పిల్లలకి పప్పుబెల్లాలు ఇచ్చేవారు. ఊళ్లోని పెద్దలందరి ముందూ పిల్లలు నోరువిప్పి పద్యం చదవాలి కదా, ఆ ఏడాది చదువు ఎంతవరకు వచ్చిందో అక్కడే తేలిపోయేది. ఆ బళ్లలో అందరి పిల్లలకీ చోటు లేదని, బెత్తం దెబ్బలకి లెక్క లేదని నాకు తెలుసు. ఆ రోజులు తిరిగి రావాలని కోరుకోను. అయినా పండగరోజున పిల్లవాడు బడికీ ఇంటికీ మధ్య దొంగలా దూరే అవసరం అప్పుడు లేకపోయింది.

అయితే ప్రతి పండగకీ బడి మాన్పించాలా? అక్కర్లేదు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు, ఆదివారం పెట్టుకోండి. పుట్టినరోజు సాయంత్రం చేసుకోవచ్చు. అద్దె ఇంట్లో పాలు పొంగించడానికి పిల్లలు ఒక పూట బడి మానక్కర్లేదు, తెల్లవారుజామునే పొంగించుకోవచ్చు. నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. ఆ పని మరో రోజుకి జరుపుకోవచ్చా, లేదా? జరుపుకోగలిగితే బడికి పంపండి. జరపలేనిది, పిల్లవాడు దగ్గరుండవలసినది అయితే ఉంచేసుకోండి.

సంక్రాంతి నాడు మన ఉత్తరాంధ్ర ఇళ్లలో జరిగేది అలాంటిది. మనకది పెద్దల పండగ. ఇంట్లో ఒక మూల గోడ తుడిచి, పసుపు రాసి, బొట్లు పెడతారు. దాని ముందు కొత్త బట్టలు మడతలు విప్పకుండా పెడతారు. ఆకులో అన్నం, కూరలు, గారెలు, బూరెలు, బతికుండగా ఎవరికి ఏది ఇష్టమో అది. సాంబ్రాణి వేసి, ఇంటిపెద్ద ఒక్కొక్క పేరే పిలుస్తాడు. తాత పేరు, తాత తండ్రి పేరు, చిన్నప్పుడే పోయిన మేనత్త పేరు. వెనక నిలబడ్డ పిల్లలు దణ్ణం పెట్టుకుని వింటారు. మధ్యలో ఏదో ఒక పేరు దగ్గర ఓ పిల్ల అడుగుతుంది, ఈ పేరు ఎవరిదీ అని. మీ తాతకి అన్న, వేటకెళ్లి తిరిగి రాలేదమ్మా అని నాన్నమ్మ చెబుతుంది. ఎక్కడ, ఎప్పుడు, తెప్ప మీద ఇంకెవరున్నారు అని ఆ పిల్ల ఇంకో నాలుగు అడుగుతుంది. ఆ సముద్రం శ్రీకాకుళం తీరానిది. ఆ పిల్ల దాన్ని చూసి ఉండదు. ఆ ఊళ్లో తన మనుషులు ఎవరెవరు బతికారో ఆ ఒక్క మధ్యాహ్నమే వింటుంది. ఆ కబురు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పెద్దల్ని పిలిచేది ఆ ఒక్కరోజే కనక ఆదివారానికి జరపలేరు. బడి నుంచి వచ్చేసరికి ఆకులు ఎత్తేసి ఉంటారు. చెప్పే నాన్నమ్మ ఎన్నేళ్లు ఉంటుందో కూడా తెలియదు.

అందుకని ఆ రోజు మాన్పించండి అంటాను. మాన్పించినరోజు పిల్లకి పండగలో చోటు ఇవ్వండి. వాకిట్లో పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు మధ్య చుక్క అని ముగ్గు మీరే వేసేసి చూడమనకండి. ముగ్గుపిండి ఆ పిల్ల చేతికివ్వండి. మొదటి గీత వంకర పోతుంది. పోనివ్వండి, తుడిచి మళ్లీ వేస్తుంది. అరిసెల పాకం నీళ్లలో వేసి ఉండకట్టిందో లేదో చూసే పని పిల్లవాడికి అప్పజెప్పండి. పొద్దుటినుంచీ ఫోనులో ఆట ఆడుకుంటూ మంచం మీద పడుకోవడానికైతే బడి మాన్పించడం దండగ. అలాంటి పిల్లవాడు బడిలో ఉంటేనే మంచిది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొన్ని ఇళ్లలో పండగ ముందు మూడు నాలుగు రోజులు ఆడపిల్లని మాత్రం ఆపేస్తారు. పప్పు రుబ్బాలి, ఇల్లు కడగాలి, చిన్నవాళ్లని చూసుకోవాలి. మగపిల్లవాడు బ్యాగు వేసుకుని బడికి వెళ్తాడు. పండగనాడు అందరితో పాటు వాడూ కొత్త చొక్కా వేసుకుంటాడు. ఆ పిల్ల పోగొట్టుకున్న నాలుగు రోజుల్ని పండగ ఖాతాలో వెయ్యకండి. అది చాకిరీ. మాన్పించేటట్లయితే పండగ రోజున ఇద్దర్నీ మాన్పించండి, ముందురోజుల్లో ఇద్దర్నీ పంపండి, సాయంత్రం వచ్చాక పని ఇద్దరికీ పంచండి. ఆడపిల్ల హాజరు తగ్గినప్పుడు ఎందుకు తగ్గిందని అడగవలసిన బాధ్యత బడిలో ఉన్న మా ఉపాధ్యాయులకీ ఉంది.

ఇంక ఈ ద్వీపాలకే ప్రత్యేకమైన చిక్కు షిప్పు.

సొంత ఊళ్లో అమ్మవారి సంబరం పెట్టారని కబురొస్తుంది. మన వైపు గ్రామదేవత పండగ చాలా ఊళ్లలో ఏటా రాదు, కొన్నేళ్లకి ఒకసారి వస్తుంది. ఆడపడుచులు, అల్లుళ్లు, వలస వెళ్లినవాళ్లు అందరూ రావాలి. ఊరి పెద్దలు ముహూర్తం పెట్టేటప్పుడు అండమాన్ బడుల పరీక్షల పట్టిక చూడరు కదా. విశాఖకి షిప్పు నెలకి దాదాపు ఒకటి. సముద్రం మీద రెండున్నర రోజులు. మద్రాసుకీ కలకత్తాకీ నెలలో మూడు నాలుగు తిరుగుతాయి, కానీ అక్కణ్ణుంచి మళ్లీ రైలు. విమానం టికెట్లు అయిదుగురున్న ఇంటికి మోయలేని ఖర్చు. ఇప్పుడు లెక్క వేసుకోండి. సంబరం మూడు రోజులు. వెళ్లడానికి మూడు రోజులు, తిరిగి రావడానికి మూడు రోజులు. మధ్యలో షిప్పు కోసం ఎదురుచూపు. వాతావరణం బాగులేకో, షిప్పు మరమ్మతుకి వెళ్లో తేదీ మారితే అది వేరే. మూడు రోజుల పండగకి మూడు నాలుగు వారాల బడి పోతుంది.

ఓ తల్లిని నేను ఇదే అడిగాను, ఇన్ని రోజులేమిటమ్మా అని. "ఏటి సెయ్యమంటారు మేస్టారూ, షిప్పు మన మాట ఇంటాదేటి?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆమె వెళ్లవలసిందే. పదేళ్లకి ఒకసారి తల్లిదండ్రుల గడప తొక్కే మనిషిని పిల్లల హాజరు పేరు చెప్పి ఆపడం న్యాయం కాదు.

కానీ ఆ మూడు నాలుగు వారాలు ఏ తరగతిలో పోతున్నాయన్నది చూసుకోవాలి. సీబీఎస్‌ఈ పరీక్షలకి కూర్చోవాలంటే 75 శాతం హాజరు ఉండాలి. 220 రోజుల్లో నాలుగోవంతు అంటే 55 రోజులు. వినడానికి బోలెడున్నట్టే ఉంటుంది. ఊరి ప్రయాణం ఒక్కటే అందులో సగం తినేస్తే, నిజంగా జ్వరం వచ్చిన రోజులు, వానకి ఫెర్రీ ఆగిన రోజులు, ఇంట్లో పెళ్లిళ్లు మిగతా సగంలో సర్దుకోవాలి. పైగా పదికీ పన్నెండుకీ ప్రాక్టికల్స్ జనవరి 1 నుంచే మొదలవుతాయి, ఫిబ్రవరి మధ్యకి రాతపరీక్షలు వచ్చి పడతాయి. సంక్రాంతి సరిగ్గా ఆ నడిమధ్య. అందుకని పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లవాళ్లు ఆ ఏడు పెద్ద ప్రయాణం పెట్టుకోవద్దని బతిమాలుతున్నాను. ఆ ఏడు పెద్దలకి ఇక్కడే పెట్టుకోండి. పెద్దలు అర్థం చేసుకుంటారు.

చిన్న తరగతుల పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు షిప్పు టికెట్టు దొరికిన రోజునే బడికి వెళ్లి చెప్పండి. ఏ పాఠాలు జరుగుతాయో రాయించుకోండి. తెలుగు వాచకం, లెక్కల పుస్తకం సంచిలో పెట్టండి. షిప్పులో రెండున్నర రోజులు పిల్లలకి చేసే పనేమీ ఉండదు, రోజుకో ఎక్కం, ఓ పాఠం అయిపోతాయి. ఊళ్లో వాళ్ల వయసు పిల్లలు చదివే తెలుగు పుస్తకం ఒకటి తెచ్చుకోమనండి. అది మన పిల్లలకి పనికొస్తుంది.

బయటి దేశాల్లో ఈ సంగతి ఎలా తేల్చుకున్నారో కూడా చూడదగ్గది. ఇంగ్లండులో 1996 నాటి విద్యాచట్టం, తల్లిదండ్రుల మతసంస్థ పండగగా నిర్ణయించిన రోజున పిల్లలు బడికి రాకపోతే అది తల్లిదండ్రుల నేరం కాదని స్పష్టంగా చెప్పింది. అమెరికాలో మన తెలుగువాళ్లు వేలమంది ఉన్న న్యూజెర్సీ రాష్ట్రంలో చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. మతపరమైన పండగకి మానిన పిల్లవాడికి ఆ రోజు పరీక్ష ఉంటే మరోరోజు రాసే అవకాశం ఇవ్వాలి, ఆ గైర్హాజరు కారణంగా ఏ బహుమతీ పోకూడదు అంటుంది. వర్జీనియాలోని లౌడౌన్ కౌంటీ బళ్లు 2021 నుంచి దీపావళికి సెలవిస్తున్నాయి. న్యూయార్క్ నగరపు బళ్లని 2024 నవంబరు 1న మొదటిసారి దీపావళికి మూశారు. ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. అక్కడి తల్లిదండ్రులు ఏళ్ల తరబడి, మాకు ఈ రోజు పండగ అని నోరు విప్పి చెప్పుకుంటూ వచ్చారు. అందరూ జ్వరమని రాసుకుంటూ పోయి ఉంటే ఏ అధికారికి తెలిసేది?

న్యూజెర్సీ చట్టంలో బహుమతి మాట నాకు బాగా నచ్చింది. మన బళ్లలో నూరు శాతం హాజరుకి బహుమతి ఇచ్చే అలవాటు ఉంది. మంచిదే. కానీ సంక్రాంతికి ఇంట్లో పెద్దలకి దణ్ణం పెట్టుకున్న పిల్లకి, ఓనం నాడు పూలముగ్గు వేసిన పిల్లకి, ఈద్ పండగ మర్నాడు బంధువుల ఇంటికెళ్లిన మోప్లా పిల్లవాడికి ఆ బహుమతి ఎందుకు పోవాలి?

బడుల పెద్దలకి నా మనవి చిన్నది. చదువు మొదలైన వారంలోనే ప్రతి పిల్లవాడి ఇంటినుంచీ రెండు తేదీలు రాయించి పుచ్చుకోండి, ఆ ఇంటికి ముఖ్యమైన రెండు పండగ రోజులు. ఆ తేదీల్ని తరగతి గోడకి పెట్టండి. ఆ రోజుల్లో పరీక్ష పెట్టకండి, కొత్త పాఠం మొదలుపెట్టకండి. పాత పాఠం తిరగేయించండి. మర్నాడు వచ్చిన పిల్లని నిన్న మీ ఇంట్లో ఏం చేశారో చెప్పమనండి. మాటలు రాని పిల్ల కూడా అప్పుడు మాట్లాడుతుంది, నేను చూశాను. పక్కనున్న బెంగాలీ పిల్లకి మన పెద్దల పండగ సంగతి తెలుస్తుంది, సరస్వతీ పూజనాడు పుస్తకాలు అమ్మవారి దగ్గర ఎందుకు పెడతారో మన పిల్లకి తెలుస్తుంది. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు. ఒక ప్రధానోపాధ్యాయుడు అనుకుంటే చాలు.

తల్లిదండ్రులకి ఇంకో మాట. మన రెండు రోజులూ మనం ఎంత గట్టిగా అడుగుతామో, పక్కవాళ్ల రెండు రోజులకీ అంతే గట్టిగా నిలబడాలి. మన పండగకి మర్యాద కావాలి, వాళ్ల పండగకి మాత్రం చదువు పాడవుతోంది అనే మాట మన నోట రాకూడదు. తల్లిదండ్రుల సమావేశంలో తెలుగు తండ్రి లేచి మోప్లా పిల్లల గురించి మాట్లాడితే, మరుసటి ఏడు మన పిల్లల గురించి వాళ్లూ మాట్లాడతారు.

సంక్రాంతికి ఊరు వెళ్లే ఆలోచనలో ఉన్నవాళ్లు డిసెంబరులోనే బడికి వెళ్లి ప్రాక్టికల్స్ తేదీ, యూనిట్ టెస్టు తేదీ కనుక్కోండి. ఆ తర్వాతే టికెట్టు వరసలో నిలబడండి. ఇక్కడే పండగ చేసుకునేవాళ్లు చీటీ మూడు రోజుల ముందే పంపండి. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనో హిందీలోనో రాయండి. మీ సంతకం పక్కనే పిల్లవాడి చేతా సంతకం పెట్టించండి.